పండ్ల ఈగల స్వయంవరము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయపు పండుగలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి మాటలాడవలెనో నాకు వెంటనే తోచలేదు. సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు చెప్పగల పెద్దలు ఈ వేదికమీద పలువురున్నారు. నేను జీవశాస్త్రము బోధించి బ్రతికినవాడను. కనుక నాకు తెలిసిన యొక చిన్న ప్రాణిని గూర్చి చెప్పెదనని విన్నవించుకొంటిని. ఆ ప్రాణి ఆహ్వానపత్రము లేకుండగనే ఈ సభకు విచ్చేసినది. అతిథులకొరకు పళ్లెరములలో నుంచిన అరటిపండ్లమీద ముసరుచున్న ఆ చిన్న ఈగలను చూడుడు. అవియే పండ్ల ఈగలు. శాస్త్రజ్ఞులు వానిని డ్రోసోఫిలా అందురు.

ఈ ఈగలలో మగది ఆడుదానిని వెంబడించి వేడుకొనును. సమ్మతించుటయో నిరాకరించుటయో ఆడుదాని యిష్టము. అనగా ప్రతి అరటిపండుమీదను నిత్యము ఒక స్వయంవరము జరుగుచున్నదన్నమాట. ఆ స్వయంవరము వలన ఈగల జాతిలోని వైవిధ్యము తరుగునా, నిలుచునా? ఇదియే నేడు నేను మీ ముందుంచదలచిన ప్రశ్న. ఇది వట్టి ఈగల గొడవయే కదా యని తలపవలదు. పిల్లలకు సంబంధములు చూచు ప్రతి యింటికిని ఈ ప్రశ్నతో కొంత పని గలదు. ఆ మాట చివర చెప్పెదను.

ముందుగా వైవిధ్యమను మాటను తేటపరచుకొందము. ప్రతి ప్రాణికిని తల్లినుండి యొక పాలు, తండ్రినుండి యొక పాలు జన్యువులు సంక్రమించును. ఒకే జన్యువు జాతి మొత్తములో పలు రూపములతో నుండవచ్చును. ఆ రూపములన్నియు కలిసి ఆ జాతికి మూలధనము వంటివి. మన తాతలు విత్తనమునకై పలురకముల వడ్లు దాచెడివారు. ఒక యేడు నీరు ముంచినచో నొక రకము తట్టుకొనెడిది. మరియొక యేడు తెగులు సోకినచో వేరొక రకము నిలిచెడిది. ఊరంతయు ఒకే రకము నాటిననాడు ఒక్క తెగులు చాలును, ఊరి పంటయంతయు పోవుటకు. ప్రాణికోటికిని ఇదియే న్యాయము. రేపు రాబోవు కష్టమేదో నేడు తెలియదు. దానికి తగిన జన్యురూపము ఎవరియందో యొకరియందు దాగియుండుటయే జాతికి రక్ష.

ఇక ఈ ఈగ సంగతి. దీని పొడవు 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే. వెచ్చదనము 25 డిగ్రీలున్నచో గుడ్డు ఈగ యగుటకు సుమారు పది దినములు చాలును. మనుష్యులలో ఒక తరము గడచుటకు పట్టు కాలములో ఈగలలో కొన్ని వందల తరములు గడచిపోవును. దీని కణములలో నాలుగు జతల క్రోమోసోములును, సుమారు 14,000 జన్యువులును ఉన్నవి. పాలసీసాలో కొంచెము అరటిపండు గుజ్జు వేసి దూది బిరడా బిగించినచో వందలకొలది ఈగలు పెరుగును. న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున థామస్ హంట్ మోర్గన్ అను ఆచార్యుడు ఇట్టి సీసాలతోనే పని ప్రారంభించి, 1910లో ఎఱ్ఱ కన్నుల ఈగల నడుమ తెల్ల కన్నుల మగ ఈగ నొకదానిని కనిపెట్టెను. జన్యువులు క్రోమోసోములపై నుండునను సత్యము ఆ యీగతో స్థిరపడినది. 1933లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

స్వయంవరము జరుగు తీరు మిక్కిలి వింతగా నుండును. మగ ఈగ మొదట ఆడుదానికి ఎదురుగా నిలిచి, ముందుకాలితో దాని పొట్టను తట్టును. ఆ కాలియందు రుచి తెలియు నరములున్నవి. తట్టుటయనగా, ఎదుట నున్నది తన జాతిదా కాదా యని రుచి చూచుటయే. పిదప దానివెంట నడచుచు ఒక రెక్కను మాత్రము చాచి అదరించును. ఆ యదురు ఒక పాట. మన చెవికి వినబడదు గాని, సూక్ష్మమైన యంత్రములతో పట్టి చూచినచో ఆ పాటలో తాళమున్నది. డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అను జాతిలో ఒక దెబ్బకును మరుదెబ్బకును నడుమ సెకనులో వేయింట సుమారు 35 పాళ్లు వ్యవధి యుండును. దానికి దగ్గర చుట్టమైన మరియొక జాతిలో తాళము వేరు. ఆడుది విని, వలదనుకొన్నచో పరుగెత్తును, కాలితో తన్నును, రెక్కలు విదల్చును. సరేయనుకొన్నచో నడక మందగించి నిలుచును.

ఆడుది వరించుటయు, మగవి పోటీపడుటయు జాతి స్వరూపమును మార్చునని 1871లో డార్విన్ మహాశయుడు తన గ్రంథమున ప్రతిపాదించెను. ఈగలపై దానిని పరీక్షించిన తొలివారిలో ఒకడు మోర్గన్ శిష్యుడగు స్టర్టెవాంట్. 1915లో ఆయన తన ప్రయోగములను ప్రకటించెను. ఒక ఆడ ఈగకు ఎఱ్ఱ కన్నుల మగదానిని, తెల్ల కన్నుల మగదానిని కలిపి చూపినచో ఎఱ్ఱ కన్నుల దానికే తరచుగా విజయము. రెక్కలు కత్తిరించిన మగది రెక్కలున్నదానితో పోటీలో వెనుకబడినది. పాట పాడుటకు రెక్క కావలెను గదా!

ఇట్టి పక్షపాతము తరతరములుగా సాగినచో ఏమగును? అమెరికాలో రీడ్ దంపతులు 1950లో దీనికి సమాధానము ప్రకటించిరి. వారు తెల్ల కంటి జన్యువును, ఎఱ్ఱ కంటి జన్యువును సరిసమానముగా కలిపిన ఈగలను పెట్టెలలో పెంచి, తరము తరువాత తరము లెక్కించుచు పోయిరి. తెల్ల కంటి జన్యువు క్రమముగా తగ్గిపోయి, సుమారు ఇరువదియైదు తరములలో అదృశ్యమైనది. తెల్ల కన్నుల ఈగలు ముందుగా చచ్చిపోయినవా? లేదు. బ్రతుకులో చెప్పదగిన భేదము కనబడలేదు. సంబంధము కుదరకపోవుటయే దాని నాశనమునకు కారణము. ఇందొక చిన్న మెలిక యున్నది. తెల్ల కన్నులలో రంగుపదార్థము లేనందున ఆ మగవానికి చూపు సరిగా ఆనదు. కనుక అది ఆడుదాని నిరాకరణమా, మగదాని అసమర్థతయా యని విడదీసి చెప్పుట కష్టము. ఏది యైనను ఫలితమొకటే. ఒక జన్యురూపము జాతినుండి తుడిచిపెట్టుకొని పోయినది.

వైవిధ్యము తరుగుటకు వేరొక మార్గమును గలదు. కొద్దిపాటి మగవియే తండ్రులై, తక్కినవి సంతానము లేక పోవుట. 1948లో ఇంగ్లాండున బేట్‌మన్ అను శాస్త్రజ్ఞుడు కొన్ని మగ ఈగలను, కొన్ని ఆడ ఈగలను చిన్న సీసాలలో నుంచి, పిల్లల రూపములను బట్టి ఎవరి సంతానమెవరో గుర్తించెను. ఆడువానిలో నూటికి 4 మాత్రమే సంతానము లేకపోగా, మగవానిలో నూటికి 21 అట్లు మిగిలిపోయెనని ఆయన లెక్క. ఆ లెక్క ఎన్నో పుస్తకములకు ఎక్కినది. అయితే 2012లో పెట్రీషియా గోవటీయు ఆమె సహచరులును అదే ప్రయోగమును మరల చేసి, తలిదండ్రులను గుర్తించుటకు వాడిన వికారజన్యువులు రెండు కలిసిన పిల్లలు అనేకము లెక్కకు రాకముందే చనిపోవుచున్నవని చూపిరి. అనగా త్రాసులోనే దోషమున్నది. అరువది నాలుగేండ్లు అందరును నమ్మిన లెక్కను తిరిగి తూచి చూచుటయే శాస్త్రమున గొప్పతనము. బేట్‌మన్ అంకెలు సందేహాస్పదములైనను, కొందరే తండ్రులైనచో వైవిధ్యము తరుగునను సూత్రమునకు మాత్రము లోపము లేదు.

ఆ సూత్రము రైతులకు సులభముగా బోధపడును. ఊరిలో 50 ఆవులున్నవి, ఆబోతు ఒక్కటే. దూడలన్నియు దానికే పుట్టుచున్నవి. మంద పెద్దదే. కాని వంశపు లెక్కలో ఆ మంద ఎంత? మగవాని సంఖ్యను ఆడువాని సంఖ్యతో గుణించి, దానిని నాలుగుతో హెచ్చించి, మొత్తము సంఖ్యతో భాగింపవలెనని సూవాల్ రైట్ అను శాస్త్రజ్ఞుడు గణితము చూపెను. ఒకటిని ఏబదితో, నాలుగుతో గుణించిన 200; ఏబదియొకటితో భాగించిన ఇంచుమించు 4. కంటికి 51 పశువుల మంద. వైవిధ్యమును నిలుపుకొను శక్తిలో అది నాలుగు పశువుల మంద! ఈగల సీసాలో 50 ఆడువి, 50 మగవి యుండి, మగవానిలో 10 మాత్రమే తండ్రులైనచో, నూరింటి బలగము ముప్పదిమూడింటికి దిగిపోవును.

ఇప్పుడొక చిక్కుముడి యేర్పడినది. మన గ్రంథాలయమునే దృష్టాంతముగా తీసికొందము. చందాదారులందరును ఒకే తీరు నవలలను కోరుచున్నారనుకొనుడు. కార్యవర్గము వారు ఆ తీరు నవలలనే కొందురు. చదువబడని పుస్తకములు చెదలకు పోవును. కొన్నియేండ్లకు బీరువాలనిండ ఒకే కథ యుండును. ఆనాడు పాఠకుడు ఏ పుస్తకము తీసినను ఒకటే. ఎన్నుకొనుటకు ఏమియు మిగులలేదు. ఎన్నిక తనకు ఆధారమైన వైవిధ్యమును తానే తినివేసినది. ఈగల విషయమునను ఇట్లే జరుగవలెను గదా! వేలకొలది తరములనుండి ఆడ ఈగలు మేలైన మగవానినే ఎన్నుకొనుచున్నచో, ఈనాటికి మగవన్నియు ఒకే మూసలో పోసినట్లుండవలెను. ఎన్నుకొనుటకు శ్రమపడుటయే వ్యర్థము కావలెను. కాని ఆడ ఈగలు నేటికిని ఎన్నుకొనుచునే యున్నవి. మగ ఈగలు నేటికిని వేరువేరుగనే యున్నవి.

తినివేయుట అబద్ధము కాదని చెప్పుటకు ఆస్ట్రేలియా దేశమున డ్రోసోఫిలా సెర్రాటా అను జాతి యీగ నిదర్శనము. ఈ ఈగల ఒంటిపై మైనమువంటి పూత యుండును. ఆ పూతలోని ద్రవ్యముల పాళ్లను బట్టి ఆడుది మగదానిని మెచ్చును. బ్రిస్బేన్ నగరమందలి క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమున మార్క్ బ్లోస్ గారును, వారి సహచరులును 2004లో ప్రకటించిన పరిశోధనలో చిత్రమైన సంగతి తేలినది. ఒక్కొక్క ద్రవ్యమును విడిగా చూచినచో వంశపారంపర్యమైన భేదములు కావలసినన్ని యున్నవి. కాని ఆడుది మెచ్చు ఆ ప్రత్యేకమైన మేళనమునందు మాత్రము భేదములు మిక్కిలి స్వల్పము. ఆడుదాని చూపు పడినచోట ధనము ఖర్చయినది. చూపు పడనిచోట నిలిచియున్నది.

మరి ఖర్చయిన ధనమును తిరిగి నింపునది ఏది? ఇన్నేండ్ల పరిశోధనలో నాలుగు సమాధానములు ముఖ్యముగా తేలినవి.

మొదటి సమాధానమునకు పునాది 1956లో జాన్ మేనార్డ్ స్మిత్ వ్రాసిన వ్యాసము. ఆయన లండనులో జె. బి. ఎస్. హాల్డేన్ గారి శిష్యుడు. ఆయన పరీక్షించినది డ్రోసోఫిలా సుబాబ్‌స్క్యూరా అను ఐరోపా జాతి. ఇందు ఆడుది సాధారణముగా జీవితమున ఒక్కసారియే జతకట్టును. చీకటిలో జతకట్టదు. ఏలయన దాని వరణమంతయు నృత్యము. ఆడుది ఇటునటు వేగముగా కదలును. మగది దాని ముఖమునకెదురుగా తప్పక నిలుచుచు, అడుగులో అడుగు వేయవలెను. అన్నాచెల్లెండ్రను తరతరములుగా జతకలిపిన వంశపు మగ ఈగలను స్మిత్ ఈ రంగమున ప్రవేశపెట్టెను. వానికి ఉత్సాహమునకు కొదువ లేదు. వెంబడించుటలో అవి వెనుకంజ వేయలేదు. కాని ఆడుది చటుక్కున తిరుగునప్పటికి అవి ఒక యడుగు వెనుకబడుచుండెను. ఆడువి పలుమారు వానిని నిరాకరించినవి. దూరపు వంశములు కలిసి పుట్టిన మగవి ఆ యాటలో గెలిచినవి. అట్టి మగవానితో జతకట్టిన ఆడువానికి పొదుగు గుడ్లు చాల యధికముగా కలిగినవి.

దీని యర్థమేమి? నృత్యము ఏదో యొక జన్యువు వలన వచ్చునది కాదు. కంటి చూపు, కాలి బలము, నరముల వేగము, తిన్న తిండి వంటబట్టుట, ఇవన్నియు కూడినగాని అడుగు సరిగా పడదు. అనగా ఆడుది నృత్యమును పరీక్షించునప్పుడు వందలకొలది జన్యువులను ఒక్కసారి పరీక్షించుచున్నది. ఈ జన్యువులన్నింటియందును క్రొత్త మార్పులు ఎల్లప్పుడు పుట్టుచునే యుండును. పుట్టిన ప్రతి యీగలోను తలిదండ్రులలో లేని క్రొత్త మార్పు సగటున ఒకటి యుండునని చెప్పవచ్చును. వానిలో ఉపకరించునవి యరుదు. చెరుపు చేయునవి పెక్కు. ఆడుది ఏరివేయుచునే యుండును. మార్పులు వచ్చుచునే యుండును. పొలములో కలుపు తీసినకొలది మొలచునట్లు, ఎన్నికకు పని యెన్నటికి తీరదు. పరీక్షకు లోనగు జన్యువులు ఎన్ని యెక్కువైనచో, ఈ యూట అంత యధికము. 1996లో రోవ్, హౌల్ అను శాస్త్రజ్ఞులు ఈ వాదమును గణితముతో బలపరచిరి.

రెండవది అరుదైనదాని భాగ్యము. ఫ్రాన్సు దేశమున క్లోడీన్ పెటీ అను విదుషి 1950 ప్రాంతమునను, పిదప అమెరికాలో లీ ఎర్మన్ అను విదుషి 1960 దశకమునను ఒక విషయము గమనించిరి. రెండు రకముల మగ ఈగలను కలిపి యుంచినప్పుడు, ఏ రకము సంఖ్యలో తక్కువగా నున్నదో ఆ రకమునకు దామాషాకు మించిన సంబంధములు కుదురుచున్నవి. అదే రకమును ఎక్కువచేసి రెండవదానిని తగ్గించినచో భాగ్యము తారుమారగును. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున బి. ఎన్. సింగ్ గారు మన దేశమున విరివిగా కనబడు డ్రోసోఫిలా అననాసే జాతియందును ఇట్టి ఫలితమును చూపిరి. ఇది నిజమైనచోట ఏ రకమును పూర్తిగా నశింపదు. తగ్గినకొలది దానికి ఆదరణ పెరుగును. అయితే ఇందును జాగ్రత్త అవసరము. ఈగలను గుర్తుపట్టుటకు రెక్క కత్తిరించుట మొదలగు చర్యలే కొన్నిచోట్ల ఫలితమును మార్చెనని విమర్శకులు చూపిరి. కనుక ఇది ప్రతి సీసాలోను పనిచేయు నియమము కాదు. కొన్నిచోట్ల పనిచేయు నియమము.

మూడవది స్త్రీపురుషుల వైరుధ్యము. కొడుకునకు మేలైన జన్యువు కూతురికి కీడు కావచ్చును. 2001లో అమెరికాలో చిపిండేల్, గిబ్సన్, రైస్ అను మువ్వురు ఒకే జన్యుసంపుటమును ఒకసారి మగ ఈగలోను, ఒకసారి ఆడ ఈగలోను ఉంచి చూచిరి. పెరిగి పెద్దదైన పిదప మగ ఈగను విజేతగా చేసిన సంపుటము, ఆడ ఈగను చేసినప్పుడు తరచు వెనుకబడినది. ఆడుది గెలిచిన మగదానిని వరించినచో ఆమె కొడుకులు గెలుతురు గాని కూతుండ్రు నష్టపడుదురు. అట్టి జన్యువును ఒక చేయి మీదికెత్తుచుండగా ఇంకొక చేయి క్రిందికి లాగుచుండును. రెండు రూపములును జాతిలో నిలిచిపోవును. ఉత్తమ వరుడనుమాటకు అర్థము ఎవరికి ఉత్తముడను ప్రశ్నలో నున్నదని ఈ ఈగ చెప్పుచున్నది.

నాలుగవది చిన్నది. మన అరటిపండుమీది మెలనోగాస్టర్ ఆడుది పలుమారు జతకట్టును, వీర్యమును దాచుకొనును. తుదకు వచ్చిన మగదానికే పెద్దపాలు దక్కినను, వెలుపల తోటలలో పట్టిన ఆడువాని సంతానము పెక్కుసారులు ఒకరికి మించిన తండ్రులదని తేలినది. తండ్రుల సంఖ్య పెరిగినకొలది, ఆబోతు లెక్కలో చెప్పిన నష్టము కొంత తగ్గును.

కనుక నా ప్రశ్నకు సమాధానమిది. ఎన్నిక వైవిధ్యమును తినును, అది నిజము. కాని ఆ యెన్నిక జాతి మొత్తమున విస్తరించి, పలు గుణములను చూచుచు, దూరపువానికిని అరుదైనవానికిని తలుపు తెరచి యున్నంతకాలము మూలధనము తరిగిపోదు. తలుపు మూసికొని తనవారిలోనే తిరిగినప్పుడు నష్టము వెంటనే కనబడును. ఒక యడుగు వెనుకబడిన ఆ మగ ఈగవలె.

ఇక మొదట వాయిదావేసిన మాటకు వత్తును. మేనార్డ్ స్మిత్ వ్యాసము ప్రచురించిన పత్రిక జర్నల్ ఆఫ్ జెనెటిక్స్. దాని సంపాదకుడు హాల్డేన్ గారు. 1957లో హాల్డేన్ ఇంగ్లాండు విడచి కలకత్తా వచ్చి స్థిరపడినప్పుడు ఆ పత్రికయు ఆయనతో మన దేశమునకు వచ్చినది. ఆయనయొద్ద చేరిన శిష్యులలో పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారొకరు. ఆయన మీరాఖాన్ గారితో కలిసి ఆంధ్రదేశమున మేనరికపు వివాహములను లెక్కించి, 1960 ప్రాంతమున ఆ పరిశోధనను ప్రకటించిరి. హాల్డేన్ 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించిరి. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహము విద్యార్థుల అధ్యయనమునకై మన కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. లండను సీసాలలోని ఈగల కథకును మన గోదావరి సీమకును సంబంధము ఇంత దగ్గరిది.

మేనరికము వలన జాతిలోని జన్యురూపముల మొత్తము మారదు. మారునది వాని పంపకము. ప్రతి మనిషియందును చెరుపుచేయు జన్యురూపములు కొన్ని దాగియుండును. తల్లి పాలు సరిగా నున్నచో తండ్రి పాలిలోని లోపము బయటపడదు. తలిదండ్రులిరువురును ఒకే తాతబిడ్డలైనచో ఒకే లోపము రెండువైపులనుండి వచ్చుటకు అవకాశము పెరుగును. అన్నాచెల్లెండ్రను జతకలిపిన ఈగల పిల్లలలో ఆ యవకాశము నాలుగింట నొక పాలు. మేనమామ అక్కకూతురిని చేసికొన్నచో ఎనిమిదింట నొక పాలు. మేనత్త కొడుకునకు మేనమామ కూతురినిచ్చినచో పదునారింట నొక పాలు. ఈ చివరి వరుస దంపతుల బిడ్డలలో తీవ్రమైన పుట్టులోపములు సామాన్యముకంటె నూటికి రెండు మూడు ఎక్కువగా కనబడునని వైద్యుల అంచనా. నూటికి తొంబదికి పైగా బిడ్డలు ఆరోగ్యముగనే పుట్టుదురు. కనుక మేనరికపు ఇండ్లవారెవరును భయపడవలదు, సిగ్గుపడవలదు. అట్లని ఆ రెండు మూడును లేనట్లు నటింపవలదు. ఒకే యింట తరతరములుగా అదే వరుస సాగినచో ఆ పాళ్లు పేరుకొనుచు పోవును.

ఈ మాట నేను పుస్తకమునుండి మాత్రమే చెప్పుటలేదు. నా తలిదండ్రులు మేనమామయు, మేనకోడలును. ఆస్తి చెదరకూడదని, పిల్ల కండ్లయెదుట నుండునని పెద్దలు ప్రేమతోనే చేసిన సంబంధమది. నా తమ్ముడు పుట్టుచెవిటివాడు. అది మేనరికము వలననే వచ్చినదని నేను చెప్పజాలను. ఒక్క యింటిని చూచి అట్లు చెప్పుట శాస్త్రము కాదు. కాని మా అమ్మ జీవితాంతము తన పూర్వజన్మ పాపమును వెదకికొనుచు కుమిలిపోయినది. ఆమెకు ఈ ఎనిమిదింట నొక పాలు సంగతి విప్పి చెప్పినవారు లేకపోయిరి. నేను చదివి వచ్చి చెప్పునప్పటికి ఆమె వినిపించుకొను స్థితిలో లేదు. పాపము కాదమ్మా, లెక్క యని చెప్పవలెనని నా కోరిక. ఆమెకు చెప్పలేని మాట నేడు మీకు చెప్పుచున్నాను. రేపు మీ యింట సంబంధముల మాట వచ్చినప్పుడు, ఆస్తిని, వరుసను చూచుచున్నట్లే, రెండు వంశములలో చెవుడు, గ్రుడ్డితనము, పసిబిడ్డల మరణములు మొదలైనవి ఎవరికైన కలవా యని కూడ విచారింపుడు. అనుమానమున్నచో వైద్యుని సలహా పొందుడు. అన్నింటికంటె ముఖ్యముగా, చేసికొను పిల్లనడుగుడు. ఈగలలోనే ఆడుదాని సమ్మతి లేనిదే కార్యము జరుగదు గదా!

నా తమ్ముడు ఈ గ్రంథాలయమునకు తొలినాటి చందాదారులలో ఒకడు. ప్రతి సాయంకాలము ఈ గదిలో కూర్చుండి పత్రికలన్నియు చదువును. రేడియో వినలేనివానికి ఊరి సంగతులు, లోకపు సంగతులు ఇచ్చటనే తెలిసినవి. ఇరువదియైదేండ్లుగా ఈ గది తలుపు తెరచియుంచిన మీకందరకు మా కుటుంబము ఋణపడియున్నది.

పిల్లలకు ఒక మాట. ఒక గాజుసీసాలో మిగుల పండిన అరటిపండుముక్క వేసి కిటికీలో నుంచుడు. ఈగలు చేరిన పిదప పలుచని గుడ్డ కట్టి, భూతద్దముతో చూడుడు. చిన్నదై తోక నల్లగా నున్నది మగది. పెద్దదై చారలున్నది ఆడుది. ఒక రెక్క చాచి పాడునది కనబడును. ఎన్నిమారులు వేడినదో, ఎన్నిమారులు ఆడుది తన్నినదో లెక్క వ్రాసి వచ్చు ఆదివారము నాకు చూపుడు. లెక్క తప్పినను పరవాలేదు, తిరిగి లెక్కింపవచ్చును. బేట్‌మన్ లెక్కనే తిరిగి లెక్కించిరి గదా.

కార్యవర్గమువారికి ఒక విన్నపము. అందరు కోరు పుస్తకములను తప్పక కొనుడు. వానితోపాటు, ఏటికి ఒక్కరైనను అడుగని పుస్తకములు కొన్ని బీరువాలో నుంచుడు. వానికొరకు వచ్చు పాఠకుడు ఇంకను పుట్టకపోయి యుండవచ్చును.